ఐర్లండు చన్నీళ్ళవారు



కాల్డ్వెల్ పేరు వినని తెలుగు పండితుడు ఉండడు. మేము పండిత శిక్షణలో ఉన్న రోజుల్లో భాషాచరిత్ర పత్రంలో ఆయన మీద ఒక ప్రశ్న రాకుండా పోదని నమ్మకం. "ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం, 1856" అని వల్లెవేసి, సంవత్సరం తప్పితే అరమార్కు పోతుందేమోనని దిగులుపడినవాళ్ళమే గాని, ఆ పెద్దమనిషి ఇంటిపేరుకు అర్థమేమిటని అడగాలని మాలో ఒక్కడికీ తోచలేదు. మన ఇంటిపేర్ల మీద మాత్రం గంటల తరబడి వాదించుకొనేవాళ్ళం. పదవీవిరమణ చేసిన తరువాత తీరికగా ఆ గ్రంథాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుదామని కూర్చుని, అట్టమీది పేరు దగ్గరే ఆగిపోయినాను. అక్కడినుంచి దారి తప్పి ఐర్లండు చేరినాను.

కాల్డ్వెల్ అన్న పేరుకు అర్థం కష్టమైనది కాదు. చల్లన అన్న ఇంగ్లీషు మాటకు ఉత్తరాదివారు, స్కాట్లండువారు పలికే రూపం "కాల్డ్". "వెల్" అంటే ఊట, బావి. వెరసి చల్లని ఊట. స్కాట్లండులో రెన్‌ఫ్రూషైర్ ప్రాంతంలో ఆ పేరుతో ఒక స్థలం ఉన్నది, ఊరిపేరు ఇంటిపేరైనదన్నమాట. మనకు ఇందులో వింత లేదు. తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్ళపేర్లే ఎక్కువ.

ఇంతటితో ఊరుకుంటే బాగుండేది. కాని రాబర్ట్ కాల్డ్వెల్ పుట్టింది స్కాట్లండులో కాదు. 1814లో, ఐర్లండు ఉత్తరభాగాన ఆంట్రిమ్ జిల్లాలోని క్లాడీ అనే చోట. సరే, ఐర్లండులో ఈ పేరు సంగతేమిటని చూడబోతే, ఆ దేశపు ఇంటిపేర్ల పండితులు ఒక విచిత్రమైన విషయం చెప్పినారు. ఐర్లండులో కాల్డ్వెల్ అని వ్రాసుకొనేవారిలో కొందరు కాల్డ్వెల్‌లు కానేకారట. వారి అసలు పేరు గేలిక్ భాషలో "ఓ హువరిష్కె". ఆ పేరు ఇప్పుడు అరుదు. దాని ఇంగ్లీషు రూపాలు హొరిస్కీ, హూరిస్కీ, హోరిస్క్, హోరిష్, ఫరిస్కీ - ఒక్క పేరుకు ఇన్ని ముఖాలు. ఈ టపా ఆ పేరును గురించి.

పేరును ముందు విడదీద్దాం. "ఓ" అంటే మనుమడు. విస్తరించి, ఫలానావాని వంశీయుడు. "మాక్" అంటే కొడుకు. ఐర్లండు ఇంటిపేర్లలో సింహభాగం ఈ రెంటిలో ఒకదానితో మొదలవుతాయి. ఐరోపాలో తరతరాలకూ నిలిచే ఇంటిపేరు మొదట స్థిరపడిన దేశాల్లో ఐర్లండు ఒకటి. గాల్వే ప్రాంతపు ప్రభువు, ఓ క్లేరీ వంశీయుడు ఒకడు 916లో చనిపోయినట్లు అక్కడి వార్షిక వృత్తాంతాల్లో ఉన్నది. ఐరోపాలో తేదీతో దొరికే తొలి ఇంటిపేరు అదేనని తరచు చెబుతారు. మన లెక్కలో నన్నయకు నూరేళ్ళకు పైగా ముందు.

తరువాత "ఉవర్": చల్లని. ఆ తరువాత "ఇష్కె": నీరు. (నడుమ వినిపించే వకారం నా తెలుగు నాలుక సౌకర్యం కోసం పెట్టుకొన్నది, గేలిక్‌లో ఉ, అ పక్కపక్కనే జారిపోతాయి.) ఉవర్ + ఇష్కె: చల్లని నీరు. మన చన్నీరు! అంటే వీరు అచ్చంగా "చన్నీళ్ళవారు". ఇక్కడ ఒక చిన్న ముచ్చట. విస్కీ అన్న మాట కూడ ఈ "ఇష్కె"యే. "ఇష్కె బాహా" అంటే జీవజలం. ఇంగ్లీషువారు జీవం వదలిపెట్టి జలం మాత్రం తీసికొన్నారు. అంటే మందు సీసాల మీద ఇన్నేళ్ళుగా "నీళ్ళు" అనే వ్రాసి ఉన్నదన్నమాట.

మరి "ఓ", "ఉవరిష్కె" మధ్య హకారం ఎక్కడిది? ఇక్కడ తెలుగు పండితుడికి ప్రాణం లేచివస్తుంది. "ఓ" తరువాత అచ్చుతో మొదలయ్యే పేరు వస్తే గేలిక్‌లో నడుమ ఒక హకారం చేరుతుంది. రెండు అచ్చులు ఢీకొనకుండా మనం యడాగమం చేసినట్లు వారు హడాగమం చేస్తారు! అది పేరులో భాగం కాదు, సంధిలో వచ్చిన అతిథి. దానికి సాక్ష్యం వారి ఆడపిల్లల పేర్లు. అన్న "ఓ హువరిష్కె" అయితే చెల్లెలు "నీ ఉవరిష్కె". స్త్రీల పేర్లలో "ఓ"కు బదులు "నీ" వస్తుంది. "నీ" తరువాత హకారం రాదు. ఒకే ఇంట్లో అన్నకు హకారం ఉన్నది, చెల్లెలికి లేదు. ఈ వ్యాకరణం తెలియని గుమాస్తా ముందున్న "ఓ"ను కొట్టివేసి, సంధిలో వచ్చిన హకారాన్ని పేరుకు మొదటి అక్షరంగా పెట్టుకొన్నాడు. హొరిస్కీ, హూరిస్కీ, హోరిష్ అన్నీ అలా పుట్టినవే. ఇంటివాడు పోయి అతిథి మిగిలినాడు. చెల్లెలు కూడ, గేలిక్ వ్యాకరణం ప్రకారం ఎన్నడూ లేని హకారంతోనే, హొరిస్కీ అయింది.

హొరిస్కీని ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు మొదట డబ్ల్యూ, దాని పక్కన హెచ్ పెడతారు. ఇదెందుకు వచ్చిందని కొంత ఆలోచించినాను. హు + అ వేగంగా పలికితే హ్వ అవుతుంది. మనకు యణాదేశం గదా! ఆ హ్వకారాన్ని పట్టుకోవడానికి ఏ గుమాస్తానో పడిన పాట్లు ఆ అక్షరాలని నాకు తోస్తుంది. ఇది నా ఊహ. పండితులెవరూ చెప్పింది కాదు.

ఫరిస్కీ అన్న రూపంలోని ఫకారం కథ ఇంకా సొగసైనది. పాత ఐరిష్‌లో చల్లదనానికి మాట "ఉవర్" మాత్రమే. ముందు ఏమీ లేదు. ఆ భాషలో కొన్ని సందర్భాల్లో మాట మొదటి హల్లు మెత్తబడుతుంది, మన గసడదవాదేశం వంటిదే. ఫకారం మెత్తబడితే బొత్తిగా వినిపించదు. కాబట్టి జనం "ఉవర్" అని విన్నప్పుడు, ఇక్కడొక ఫకారం ఉండి లోపించి ఉంటుందని అనుకొని, ఎన్నడూ లేని ఫకారాన్ని తెచ్చి అతికించినారు. నేటి ఐరిష్‌లో చల్లదనానికి మాట "ఫువర్". మనవాళ్ళు ఎద్దును యెద్దు, ఒకటిని వొకటి చేసినట్లే. కొందరు పండితులు ఇంటిపేరును కూడ "ఓ ఫువరిష్కె" అని వ్రాసి, హకారపు రూపం దాని వికారమని అంటారు. భాష తప్పు చేసిన తరువాత ఆ తప్పే ఒప్పు అయిపోవడం వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు.

అయితే ఇంతవరకు చెప్పినదంతా చన్నీళ్ళ అర్థం నిజమని నమ్మి చెప్పినది. ఇప్పుడు దాని కాళ్ళకింది నేల తవ్వాలి.

ఇంటిపేరుకు మూలపురుషుడు ఒక మనిషై ఉండాలి గదా. "చన్నీళ్ళ మనుమడు" అంటే ఏమిటి? పండితులు మరొక మూలం చూపించినారు: "ఓ హువర్గుష్". ఉవర్గుస్ అనే మనిషి వంశం. "గుస్" అంటే బలం, తేజం. ఫెర్గస్, ఆంగస్ అన్న పేర్లు మీరు విని ఉంటారు. వాటిలోని గస్ ఇదే. ఫెర్గస్ అంటే పురుషబలం. ఉవర్గుస్ అంటే చలి వంటి బలం, గడ్డకట్టించే తేజం గలవాడని చెప్పవచ్చు. యోధునికి తగిన పేరు. కాలక్రమాన నడిమి గకారం కరిగిపోయి "ఉవరుష్" అని మిగిలింది. ఉవర్గుస్ అంటే ఎవరో మనుమలు మరచిపోయినారు. చెవికి దగ్గరగా, నాలుకకు తెలిసినదిగా "ఉవరిష్కె" కనిపించింది. యోధుడు నీళ్ళయినాడు. హోరిష్ అన్న రూపంలో కకారం లేకపోవడం, హోరిస్క్‌లో ఉండడం చూస్తే, మొదటిది వీరుణ్ణి, రెండవది నీటిని మోస్తున్నాయని నాకు అనిపిస్తుంది.

ఇది మొదటి పొరపాటు. దీన్ని చేసింది ఆ భాష మాట్లాడేవారే. దీనికి ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. రెండవ పొరపాటు వేరు జాతిది.

1465లో డబ్లిన్, మీథ్, లౌత్, కిల్డేర్ జిల్లాల్లోని ఐరిష్‌వారు ఇంగ్లీషు ఇంటిపేర్లు పెట్టుకోవాలని ఒక శాసనం వచ్చింది. ఏ పేరు పెట్టుకోవాలో కూడ అందులోనే చెప్పినారు: ఒక ఊరిపేరో, తెలుపు నలుపు వంటి రంగో, కమ్మరి వడ్రంగి వంటి వృత్తో, వంటవాడు వంటి ఉద్యోగమో. మన చన్నీళ్ళవారున్నది ఆ జిల్లాల్లో కాదు. ఉత్తరాన అల్‌స్టర్‌లో, డొనెగాల్, డెరి, టిరోన్ ప్రాంతాల్లో. 1607లో అక్కడి గేలిక్ ప్రభువులు ఓడలెక్కి ఐరోపా ఖండానికి వెళ్ళిపోయేవరకు ఇంగ్లీషు పాలన అక్కడ నామమాత్రమే. ఆ ప్రభువులు పోయినాక, 1609నుంచి వారి భూములను ఇంగ్లీషువారికి, స్కాట్లండువారికి పంచిపెట్టినారు. ఆ వచ్చినవారితోపాటే నిజమైన కాల్డ్వెల్‌లు అల్‌స్టర్‌లో దిగినారు. ఫెర్మనా జిల్లాలో అర్న్ సరస్సు ఒడ్డున కాసిల్ కాల్డ్వెల్ అనే కోట వారిదే, ఇప్పుడు శిథిలం. (ఆ కోట దొర పడవలోనుంచి 1770లో ఫిడేలు వాయించే మెకేబ్ అనేవాడు తాగిన మత్తులో సరస్సులో పడి చనిపోతే, ఫిడేలు ఆకారంలో ఒక రాయి చెక్కించి నిలిపినారు. నేల మీద మాత్రమే తాగమని దానిమీద హితవు కూడ ఉన్నది. ఇష్కె బాహా, ఇష్కె రెండూ కలిసి ఒకణ్ణి తీసికొనిపోయినాయి.)

కనుక గుమాస్తా ముందు ఓ హువరిష్కె నిలబడి పేరు చెప్పినప్పుడు, కాల్డ్వెల్ అన్న పేరు అప్పటికే ఆ చుట్టుపక్కల ఉన్నది. అది కౌలు పట్టాల్లో ఉన్నది, కోట గుమ్మం మీద ఉన్నది. "చల్లని నీరు" అని ఎవరో అర్థం చెప్పి ఉంటారు. కొత్త పేరు కల్పించనక్కరలేదు. సిద్ధంగా ఉన్న చొక్కా తొడిగినట్లు తొడిగినారు. మరికొందరికి "నీరు" ఒక్కటీ తీసి వాటర్స్ అని వ్రాసినారు. పోనీ వాటర్స్ అయినా నికరమైన నీరా అంటే కాదు. అల్‌స్టర్‌లోని వాటర్స్‌లలో కొందరు వాల్టర్ అనేవాడి సంతతి. వాల్టర్‌ను వాటర్ అని పలికేవారు; వాటర్ కొడుకు వాటర్స్. ఆ పేరులో చుక్క నీరు లేదు.

ఇలాంటివి ఇంకెన్నో. గాల్వే పడమటి తీరాన మాక్ కన్‌రీ అనే కుటుంబాలవారు కింగ్‌లైనారు. చివరి అక్షరం గేలిక్‌లో రాజు అనే "రీ" మాటలాగా చెవినబడడమే కారణం. పేరుకూ రాజుకూ సంబంధం లేదు. బ్రోహాన్‌లను గట్టు అని అర్థం వచ్చే బ్యాంక్స్ చేసినారు. అన్నిటిలోకి నా మనస్సును పట్టింది మాక్ అన్ టీర్. అంటే వడ్రంగి కొడుకు. వడ్రంగికి గేలిక్ మాట ఏదో, స్వేచ్ఛగలవాడికి మాట కూడ అదే. ఎవరో రెండవ అర్థం పట్టుకొని ఆ కుటుంబాల్లో కొన్నిటిని ఫ్రీమన్ అన్నారు. మరొకరు సరైన అర్థం పట్టుకొని కార్పెంటర్ అన్నారు. ఇంకొకరు అర్థం జోలికి పోకుండా ధ్వనినే వ్రాసి మకటీర్ అన్నారు. మూడు కలాలు, మూడు ఇంటిపేర్లు, ఒక్క వడ్రంగి.

ఇవన్నీ ఎవరో బలవంతాన చేసినవని అనుకొంటే చరిత్రకు అన్యాయం చేసినట్లే. చాలామంది తామే మార్చుకొన్నారు. కౌలుకు భూమి కావాలన్నా, పనివాడుగా కుదరాలన్నా, ఓడ ఎక్కాలన్నా ఇంగ్లీషు పేరు కొంత సుళువు. 1831లో జాతీయ పాఠశాలలు వచ్చినాయి, బోధన ఇంగ్లీషులో. ఆ కాలంలో పిల్లల మెడలో ఒక కర్ర వేలాడదీసి, గేలిక్ మాట్లాడినప్పుడల్లా దానిమీద ఒక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి దెబ్బలు కొట్టేవారు. ఆ కర్రకు తల్లిదండ్రుల సమ్మతి కూడ ఉండేది. నేను ఉపాధ్యాయుణ్ణి గనుక ఈ వాక్యం వ్రాసి కొంతసేపు ఆగినాను.

దీన్ని గుర్తించి నొచ్చుకొన్న మొదటివారిలో జాన్ ఓ డొనవన్ ఒకడు. 1806లో కిల్‌కెన్నీ జిల్లాలో రైతుకుటుంబంలో పుట్టినాడు. భూమి సర్వే శాఖలో ఊళ్ళపేర్లు సరిచూచే ఉద్యోగం. జిల్లా జిల్లా నడిచి, ముసలివారిని అడిగి, ప్రతి పేరుకు గేలిక్ మూలం వ్రాసుకొన్నాడు. ఆయన 1841లో ఐరిష్ పెన్నీ జర్నల్‌లో ఇంటిపేర్ల మీద వ్యాసాలు ప్రకటించి, అర్థం తెలియక చేసిన ఇలాంటి అనువాదాలను ఎండగట్టినాడు. అయినా ఆగలేదు. అర్ధశతాబ్దం తరువాత, 1892 నవంబరులో డగ్లస్ హైడ్ డబ్లిన్‌లో చేసిన ప్రసిద్ధ ప్రసంగంలోనూ ఈ ఆవేదనే వినిపించింది. మరుసటి సంవత్సరం గేలిక్ లీగ్ పుట్టినాక కొందరు వదలిపెట్టిన "ఓ"లను, "మాక్"లను మళ్ళీ తగిలించుకొన్నారు. ఐర్లండు ఇంటిపేర్ల మీద ఈ నాటికీ ప్రమాణమైన పుస్తకాలు వ్రాసిన ఎడ్వర్డ్ మక్‌లైసట్ కూడ పుట్టుకతో ఉత్త లైసట్; పెద్దవాడైనాక మాక్ చేర్చుకొన్నాడు. ఆయనకంటె ముందు 1923లో పాట్రిక్ వుల్ఫ్ అనే క్రైస్తవ పురోహితుడు గేలిక్ ఇంటిపేర్ల కోశం ప్రకటించినాడు. మన చన్నీళ్ళవారిని ఈ కోశాల్లోనే వెదకాలి.

ఇక వీరు ఎందరు?

ఐర్లండులో జనన మరణాలన్నీ నమోదు కావడం 1864లో మొదలైంది. రాబర్ట్ మాథ్సన్ అనే నమోదుశాఖ అధికారి 1890లో పుట్టిన పిల్లల ఇంటిపేర్లన్నీ లెక్కగట్టి 1894లో ఒక నివేదిక ప్రకటించినాడు. సుమారు నలభై అయిదుమందికి ఒక జననం చొప్పున గుణించి మొత్తం జనాన్ని అంచనా వేసినాడు. మర్ఫీలు 62,600 మంది, కెల్లీలు 55,900 మంది. అయిదవ స్థానంలో ఎవరున్నారో చూడండి: స్మిత్‌లు, 33,700 మంది! ఇంతమంది ఇంగ్లీషు కమ్మరులు ఐర్లండుకు ఎప్పుడు వచ్చినారు? రాలేదు. వారిలో చాలామంది, ముఖ్యంగా కావన్ జిల్లావారు, మాక్ గవన్‌లు. గవన్ల పేరుకు అర్థం కమ్మరియే. ఇక్కడ అనువాదం సరైనదే. కాని లెక్కలో మాక్ గవన్‌లు తగ్గినారు, స్మిత్‌లు పెరిగినారు.

మన హొరిస్కీల విషయంలోనూ ఇదే మెలిక. డొనెగాల్, డెరి వైపు హొరిస్కీలు, టిరోన్‌లో హూరిస్కీలు, హోరిస్క్‌లు - అంతా కలిపినా కొద్దిమందే. దీన్ని అరుదైన పేరు అంటారు. కాని ఆ అరుదుతనం మనుషులది కాదు, కలాలది. వారి దాయాదులు కాల్డ్వెల్ అంకెలో, వాటర్స్ అంకెలో కలిసిపోయి ఉన్నారు. వారిని తిరిగి ఏరడానికి సాధనం లేదు. చెరువులో పోసిన చెంబెడు నీళ్ళను మళ్ళీ చెంబులోకి ఎత్తడం వంటిది. మాథ్సన్‌కు ఈ సంగతి తెలుసు. 1890లో ఒకసారి, 1901లో విస్తరించి మరొకసారి, ఏ పేరుకు ఏ పేరు పర్యాయంగా వాడుతున్నారో చూపే పట్టిక అచ్చువేసినాడు. ఎందుకంటే తండ్రి జననం ఒక పేరుతో, వివాహం మరో పేరుతో నమోదై, రికార్డు వెదికేవారికి అంతుచిక్కడం లేదు. ప్రభుత్వమే చిక్కు వేసి, ప్రభుత్వమే దువ్వెన అమ్మింది.

జనాభా లెక్కల్లో చూద్దామా అంటే, 1821నుంచి 1851వరకు ఉన్న లెక్కల పత్రాలు 1922 జూన్‌లో అంతర్యుద్ధపు మంటల్లో డబ్లిన్ రికార్డు కార్యాలయంతోపాటు దాదాపు పూర్తిగా కాలిపోయినాయి. 1861, 1871 పత్రాలను ప్రభుత్వమే అంతకుముందే నాశనం చేసింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచయుద్ధకాలంలో కాగితం గుజ్జుకు పోయినాయి. మిగిలిన పాతవి 1901, 1911 మాత్రమే. వాటిని ఐర్లండు జాతీయ పత్రాగారంవారు జాలంలో ఉచితంగా పెట్టినారు. కాగితాలు పంచి, సేకరించింది పోలీసు కానిస్టేబుళ్ళు. చదువు రాని ఇంటి పెద్ద పేరు చెబితే కానిస్టేబులు తన చెవికి తోచినట్లు వ్రాసుకొనేవాడు. ఇంటాయన పక్కన ఇంటు గుర్తు పెట్టేవాడు. ఆ ఇంటు గుర్తును చూస్తూ ఉంటే, ఆయన ఏమని పలికి ఉంటాడా అన్న ప్రశ్న వదలదు.

ఈ వంశంవారిలో లోకప్రసిద్ధుడు ఒక్కడే కనిపించినాడు, అతడు పుట్టలేదు. టిరోన్ జిల్లా స్ట్రబేన్ పట్టణంలో 1911లో పుట్టిన బ్రయన్ ఓ నోలన్, ఫ్లాన్ ఓ బ్రయన్ అన్న కలంపేరుతో 1939లో ఒక నవల ప్రకటించినాడు. అందులో ఒక రచయిత తన నవల కోసం ఒక పాత్రను సృష్టిస్తాడు. ఆ పాత్ర తల్లిదండ్రులు లేకుండా, ఏకంగా పాతికేళ్ళ వయస్సుతో పుడతాడు. పేరు జాన్ ఫరిస్కీ. పూర్వులు లేని మనిషికి ఆ రచయిత తన సొంత జిల్లాలోని ఈ పేరే ఎందుకు పెట్టినాడో ఆయనకే తెలియాలి.

మళ్ళీ మన కాల్డ్వెల్ దగ్గరికి వద్దాం. ఆయన చన్నీళ్ళవారా, చల్లనూటవారా? తల్లిదండ్రులు స్కాట్లండుకు చెందిన పేద ప్రెస్బిటీరియనులు. ఆయనకు పదేళ్ళ ప్రాయంలో కుటుంబం గ్లాస్గోకు వెళ్ళిపోయింది. కనుక ఆయనది అసలు కాల్డ్వెలే. ఓ హువరిష్కె కాదు. నాకు కొంత నిరాశ కలిగిన మాట నిజం. కాని వేరొక ఆశ్చర్యం మిగిలింది. 1838 జనవరిలో మద్రాసులో దిగిన ఆయన, 1841నుంచి తిరునెల్వేలి సీమలోని ఇడైయంగుడిలో కాపురమున్నాడు. (ఆయన వచ్చిన ఓడలోనే మన బ్రౌను దొర కూడ ప్రయాణం చేసినాడు. ఆ డెక్కు మీద వారు ఏమేమి మాట్లాడుకొన్నారో వినాలని నాకు ఇప్పటికీ కోరిక.) తమిళంలో నీటికి వాడుకమాట తణ్ణీర్. తణ్ అంటే చల్లన, నీర్ అంటే నీరు. ఏ నీరైనా తణ్ణీరే. చల్లనూట ఇంటిపేరుగల మనిషి అర్ధశతాబ్దంపాటు రోజూ ఇంటి గుమ్మంలో తన పేరును తమిళంలో వింటూ గడిపినాడు. పైగా సంస్కృత కోశాల్లోని "నీర" శబ్దం ద్రావిడ భాషలనుంచి వెళ్ళినదేనని తన గ్రంథంలో జాబితా వేసి చూపించినాడు. అదివరకు పండితులు నీరు సంస్కృతం "నీర"నుంచి వచ్చిందని ఎదురు దారిలో చెప్పేవారు. ఆ చెప్పేవారిలో నా గురువులున్నారు, కొన్నాళ్ళపాటు నేనూ ఉన్నాను. త్రిలింగమే తెలుగైందని, శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం పేర్లతో సహా ఎన్ని తరగతులకు ఎన్ని ఏళ్ళు చెప్పినానో! చాలామంది భాషావేత్తలు దాన్ని అంగీకరించరని తెలిసిన తరువాత కూడ, పద్యంలా నోటికి వచ్చేది గనుక చెబుతూనే ఉన్నాను.

అది మాటలతో పోయింది. ఇంకొకటి కాగితం మీద మిగిలింది.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ప్రవేశాల రిజిస్టరు నా చేతిలో ఉండేది. ఒక తండ్రి కొడుకును తీసికొని వచ్చి ఇంటిపేరు "సల్లా" అన్నాడు. చకారం పలకలేక సకారం పలుకుతున్నాడని నాకు అనిపించింది. "చల్లా అనాలయ్యా" అని నవ్వి, చల్లా అని వ్రాసినాను. ఆయన "తమ చిత్తం పంతులు గారూ" అన్నాడు. చల్ల అంటే మజ్జిగ అని ఆ పిల్లవాడికి అక్కడికక్కడే అర్థం కూడ చెప్పినాను. వాళ్ళ పెద్దవాడు అంతకుముందే వేరొక బడిలో సల్లా అన్న పేరుతోనే చదువుతున్నాడని నాకు తెలియదు. తండ్రి చెప్పలేదు, నేను అడగలేదు. పదవ తరగతి పత్రంలో అదే దిగింది. ఇరవై ఏళ్ళ తరువాత ఆ చిన్నవాడు నా ఇల్లు వెదుక్కొంటూ వచ్చినాడు. తండ్రి పోయినాడు, భూమి పంపకంలో అన్నదమ్ములిద్దరూ ఒకే తండ్రి బిడ్డలని కాగితం కావాలట. "మేష్టారూ, మా ఇంటిపేరు సల్లాయేనండీ. మా తాతల్నాటి రాళ్ళమీద కూడ అలాగే ఉందండీ" అన్నాడు. కోపం లేదు. నేను నాకు తెలిసినంతలో ధ్రువపత్రం వ్రాసి సంతకం పెట్టినాను. దానివల్ల పని జరగలేదు. ఆయన ఇంకా చాలా చోట్ల తిరగవలసి వచ్చింది.

క్రిందటి వేసవిలో ఆయన కొడుకు పెళ్ళి శుభలేఖ వచ్చింది. వరుడి ఇంటిపేరు చల్లా. ఆహ్వానించువారిలో పెదనాన్న పేరుకు ముందు సల్లా. పెళ్ళికి వెళ్ళినాను. ఇద్దరన్నదమ్ములూ నన్ను చెరొక పక్కా కూర్చోబెట్టుకొని భోజనం పెట్టించినారు.

డెరి రేవునుంచి పందొమ్మిదవ శతాబ్దంలో ఓడలు ఎందరినో అమెరికా తూర్పుతీరానికి చేర్చినాయి. హొరిస్కీలు కొందరు ఆ దారినే వెళ్ళినారు. అమెరికాలో ఉన్న మిత్రులు మన బ్లాగులోకంలో చాలామంది ఉన్నారు గదా. మీ కార్యాలయంలోనో, మీ పిల్లల బడిలోనో ఈ పేరుగలవారు ఎవరైనా తారసపడితే, తమ పేరులోని మొదటి అక్షరాన్ని హకారంగా పలుకుతారో, వకారంగా పలుకుతారో కనుక్కొని ఇక్కడ ఒక ముక్క వ్రాసిపెట్టండి. వీలైతే అర్థం కూడ అడగండి.